రెండున్నర గిగాబిట్ల ధిక్కారం

కొలతల సమన్వయ సంస్థ ఏ కొలతలను దేనితో సమన్వయపరుస్తుందో విశాఖపట్నంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలం సంస్థలోని వారికీ కలగలేదు కనుక, నలభై ఏళ్లుగా అది ఏ ఒడిదుడుకులూ లేకుండా వర్ధిల్లుతోంది. కార్యాలయం వెనక కొండవాలు మీద ఉద్యోగుల క్వార్టర్లున్నాయి. శిఖరాన డైరెక్టరుగారి అయిదో తరగతి బంగళా, పాదాన జూనియర్ అసిస్టెంట్ల ఒకటో తరగతి ఇళ్లు, నడుమ తక్కిన హోదాలన్నీ మెట్లు మెట్లుగా. కుళాయి నీరు, గాలి, సముద్ర దర్శనం అక్కడ హోదా ప్రకారం పైనుంచి కిందికి దిగుతాయి. తుపాను ఒక్కటే కిందినుంచి పైకి ఎక్కుతుంది. ఆ క్రమరాహిత్యాన్ని ఖండిస్తూ సంస్థ ఒక తీర్మానం కూడా చేసింది.

బయటివారు సంస్థకు ప్రాణం డైరెక్టరుగారనుకుంటారు. లోపలివారికి తెలుసు, ప్రాణం విశ్వపతి అని. హోదా జూనియర్ అసిస్టెంటే. కాని 'పై సూచికలోని లేఖను కూలంకషంగా పరిశీలించడమైనది' అని ఎత్తుకుని, ఆ లేఖను ఎవరైనా చదివిన జాడ ఎక్కడా పొడసూపకుండా రెండు పేజీలు నడిపించగల కలం ఆ కొండ మీద అతనిదొక్కటే. పన్నెండేళ్లుగా సంస్థలో పుట్టిన ప్రతి మెమోకూ కన్నతండ్రి అతనే. సంతకాలు మాత్రం పెద్దలవి.

విశ్వపతికి జీవితంలో ఒక్కటే విశ్వాసం. ప్రతి పనికీ మధ్యలో ఒకరుండాలి. నేరుగా జరిగిపోయిన పని, అతని దృష్టిలో, జరిగిన పని కాదు, జరిగిన నేరం. భోజనాల దగ్గర ఉప్పుడబ్బా తన మోచేతికి తగులుతున్నా భార్యను అడిగి అందుకునేవాడు. అది బద్ధకం కాదు, పద్ధతి.

భార్య శర్వాణి అందుకు పూర్తిగా విరుద్ధమైన మనిషి. ఇంట్లో కూర్చుని పెళ్లి వీడియోలు కూర్చుతుంది. పెళ్లి ఒక పూటలో అయిపోతుంది గాని, దాని వీడియో అంత త్వరగా తెమలదు. నాలుగు కెమెరాలు, పైన తిరిగే డ్రోను ఒకటి, వెరసి ఒక్కొక్క పెళ్లికి నాలుగు టెరాబైట్ల బొమ్మ. కెమెరా కార్డులను పడకగదిలోని కంప్యూటరుకు తగిలించి, వాటిలోనిదంతా హాల్లోని నిల్వ పెట్టెలోకి తోడి, అక్కడినుంచి కోసి కుట్టాలి. ఈ రెండు గదుల నడుమ ఒక పాత స్విచ్ ఉండేది. ఒక వైరులో వచ్చిన సమాచారాన్ని చూసి, అది ఎవరికి చెందాలో వారి వైరులోకి పంపే చిన్న పెట్టె అది. సెకనుకు ఒక గిగాబిట్ దాని వేగం. ఒక పెళ్లి పడకగదినుంచి హాల్లోకి రావటానికి తొమ్మిది గంటలు పట్టేది.

శ్రావణమాసపు ముహూర్తాలు ఇంకా నెల ఉందనగా శర్వాణి కొత్త స్విచ్ తెప్పించింది. రెండున్నర గిగాబిట్లు, అయిదు రంధ్రాలు, అరచేతిలో ఇమిడే ఆకారం, ఎవరూ వినని కంపెనీ.

"పేరున్న కంపెనీది దీనికి నాలుగింతలు చెప్తున్నాడండీ. పనేమో ఇదీ అదే చేస్తుంది," అంది, పాత వైర్లను ఊడదీసి కొత్త పెట్టెకు గుచ్చుతూ. "వైర్లు కూడా మార్చక్కర్లేదట. ఉన్నవే సరిపోతాయి. ఆ వేగం అందుకోవటానికి కంప్యూటరుకు మాత్రం ఈ చిన్న తోక తగిలించాలి."

"దీనికి సెట్టింగులూ అవీ ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడక్కర్లేదు. గుచ్చితే చాలు, దాని పని అది చేసుకుపోతుంది."

ఈ మాట విశ్వపతికి నచ్చలేదు. అయినా అప్పటికి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం ఒక పాత పెళ్లిని పరీక్షకు పంపితే మూడున్నర గంటల్లో హాల్లోకి వచ్చి కూర్చుంది. శర్వాణి చప్పట్లు కొట్టింది.

ఆమె సంబరానికి కారణం లేకపోలేదు. ఊళ్లోని పెద్ద స్టూడియో ఒకటి తన తలకు మించిన పెళ్లిని గుట్టుగా శర్వాణికి అప్పగించింది. పెళ్లికూతురు సాక్షాత్తు డైరెక్టరు దివాకరప్రసాదుగారి అమ్మాయి. పెళ్లయిన పదహారో రోజు పండగకు సంస్థ ఆడిటోరియంలో వీడియో ఆడాలి. ఆడితే మాఘమాసం పెళ్లిళ్లన్నీ శర్వాణివే. ఆడకపోతే ఆ స్టూడియో గుమ్మం మళ్లీ తొక్కే పనిలేదు. బొమ్మంతా తమ సొంత స్టూడియోలోనే తయారవుతుందని వాళ్లు డైరెక్టరుగారికి చెప్పుకున్నారు కనుక పేరు బయటపడకూడదన్నారు. ఫైళ్లన్నిటికీ అంకెలే గుర్తు.

ఉపద్రవం కాఫీ రూపంలో వచ్చింది.

సూపరింటెండెంటు అప్పలనరసయ్యగారు తమ ఇంట జరిగిన సత్యనారాయణ వ్రతం వీడియోను నకలు తీయించుకోవటానికి ఒక ఆదివారం విశ్వపతి ఇంటికి దయచేశారు. తమ ఇంట్లో అదే పని మధ్యాహ్నమంతా పట్టి, అయిదు కథల్లో మూడో కథ దగ్గర ఆగిపోయిందట. శర్వాణి కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు ఊది, ఒక గుక్క తాగి, మీసం తుడుచుకునేలోపల "అయిపోయిందండీ" అంది.

"ఏటయిపోయింది?"

"మీ వ్రతం."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "అయిదు కథలూనా? ప్రసాదంతో సహానా?"

శర్వాణి గోడ మీది చిన్న పెట్టెను చూపించింది. పచ్చలైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. అప్పలనరసయ్యగారు లేచి దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు చూశారు.

"విశ్వపతీ, దీని పై అధికారి ఎవరయ్యా?"

"ఎవరూ లేరండి."

"అంటే ఆ గదిలోంచి వచ్చిన సరుకు ఎవరికీ చూపించకుండా ఈ గదిలోకి పంపేస్తోందా?"

"అలాగే కనిపిస్తోందండి."

"సంతకం గాని, ముద్ర గాని?"

"లేవండి," అన్నాడు విశ్వపతి. ఆ క్షణాన తన ఇంట్లో ఎంత ఘోరం నడుస్తోందో అతనికే మొదటిసారి అర్థమైంది.

మర్నాడు ఉదయం అప్పలనరసయ్యగారు చార్జి మెమో పెట్టమన్నారు. మెమోలు రాసే గుమాస్తా విశ్వపతి కనుక, విశ్వపతి మీద మెమో విశ్వపతి దగ్గరకే వచ్చింది. మరొకడయితే సెలవు పెట్టేవాడు. విశ్వపతి మాత్రం కొత్త రీఫిల్లు వేసుకున్నాడు. 'సదరు ఉద్యోగి, తన హోదాకు మించిన వేగమును తన నివాసమున పోషించుచు, పై అధికారుల ఎరుక లేకుండ గదికిని గదికిని ప్రత్యక్ష సంబంధము కల్పించి, సంస్థ యొక్క క్రమశిక్షణకు భంగము వాటిల్లజేసినందున, క్వార్టరు కేటాయింపును ఏల రద్దు చేయరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' చదువుకుని తానే మురిసిపోయాడు. పన్నెండేళ్లలో ఇంత బిగువైన మెమో పడలేదు.

లైన్‌మాన్ ఎర్రన్న దాన్ని పట్టుకుని, విశ్వపతి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మళ్లీ విశ్వపతికే ఇచ్చాడు.

"ఇదేటి బాబూ, నువ్వే రాసి, నువ్వే తీసుకుంటావేటి?"

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు ఎర్రన్నా. ఆఫీసు వేళ మాట్లాడకూడదు."

ఇంటికి వచ్చి ఆ మెమో చదివేసరికి మాత్రం విశ్వపతికి ముచ్చెమటలు పోశాయి. అంత పకడ్బందీగా ఎవరు రాశారా అని బాధపడ్డాడు.

"క్వార్టరు రద్దు చేస్తారా? ఈ ఉగ్గుగిన్నె కోసం?" అంది శర్వాణి. "ఏమండీ, అంతగా అయితే పెట్టె తీసేస్తాను. కంప్యూటర్లోంచి నిల్వ పెట్టెలోకి ఒక్క వైరు సూటిగా లాగేస్తే సరిపోతుంది. మధ్యలో ఏమీ అక్కర్లేదు. వేగమూ అదే వస్తుంది."

విశ్వపతి చెవులు మూసుకున్నాడు. "మధ్యలో ఏమీ లేకుండానా! ఉన్నదానికే మెమో ఇచ్చారు. అసలు ఎవరూ లేరని తెలిస్తే ఉద్యోగమే ఉండదు."

"అయితే ఒక్క పని చేయండి. మీ డైరెక్టరుగారి అమ్మాయి పెళ్లి ఈ పెట్టెలోంచే వెళ్లాలని సంజాయిషీలో రాయండి. స్టూడియోకు మాటిచ్చిన సంగతి నిజమే, కాని రాసేది పెళ్లికూతురి తండ్రికే కదా. ఆయనే ఆపిస్తారు."

ఇది గొప్ప ఆలోచన. విశ్వపతి ఏడు పేరాల సంజాయిషీ రాసి, నాలుగో పేరాలో ఆ సంగతి విన్నవించుకున్నాడు. రాస్తుంటే కళ్లు చెమర్చాయి. మర్నాడు ఆఫీసులో అదే సంజాయిషీ పరిశీలన నిమిత్తం విశ్వపతి బల్ల మీదికి వచ్చింది. సంస్థ ఆచారం ప్రకారం పై అధికారులు సంజాయిషీలు చదవరు. గుమాస్తా వాటిని అరపేజీకి కుదించి, అనవసరమైనవి తొలగించి సమర్పించాలి. విశ్వపతి తన సంజాయిషీని నిష్పక్షపాతంగా చదివాడు. నాలుగో పేరా దగ్గర ఆగాడు. వివాదం స్విచ్ గురించి. పెళ్లి గురించి కాదు. పైగా క్రమశిక్షణ ఫైలులో డైరెక్టరుగారి కుటుంబ ప్రసక్తి తేవటం మర్యాద కాదు. 'నాలుగవ పేరా విషయమునకు సంబంధించినది కాదు' అని రాసి, స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టి, కింద 'ఉద్యోగి సమాధానము సంతృప్తికరముగ లేదు' అని ముగించాడు.

ఆ సాయంత్రం శర్వాణి ఆత్రంగా గుమ్మంలోనే అడిగింది. "చూశారా? నాలుగో పేరా చూశారా?"

"దాన్ని కొట్టేశారు," అన్నాడు విశ్వపతి దిగులుగా.

"ఎవరా మహానుభావుడు?"

విశ్వపతి కాళ్లు కడుక్కోవటానికి వెళ్లిపోయాడు.

ఏ పనికీ తొందరపడని సంస్థ, పని ఆపటానికి మాత్రం ఆలస్యం చేయదు. వారం తిరగకుండా వేగ నియంత్రణ సంఘం సమావేశమైంది. అధ్యక్షులు డైరెక్టరుగారు, సభ్యురాలు జాయింట్ డైరెక్టరు హైమావతిగారు, నిర్వాహకులు అప్పలనరసయ్యగారు, చర్చలు రాసుకునేది విశ్వపతి. వైర్లు ముట్టుకున్న అనుభవం ఉన్నవాడు కనుక ఎర్రన్నను సాంకేతిక నిపుణుడిగా తలుపు దగ్గర నిలబెట్టారు.

"మా బంగళాలో వేగం ఎంత?" అన్నారు డైరెక్టరుగారు.

"వందండయ్యా," అన్నాడు ఎర్రన్న. "వంద మెగాబిట్లు. పాతికేళ్ల నాటి వైర్లు కదండి, టేకు చెక్కల ఎనకాల బిగించేసినారు. ఎంత గింజుకున్నా వందే."

"వంద అంటే మంచి సంఖ్యే కదా?"

"వందకు వంద వచ్చినట్టే సార్," అన్నారు అప్పలనరసయ్యగారు.

"మరి ఈ విశ్వపతి ఇంట్లో?"

ఎర్రన్న నేల చూపులు చూశాడు. "రెండువేల అయిదువందలండయ్యా."

విశ్వపతి 'సంఘము దిగ్భ్రాంతి చెందినది' అని రాసుకున్నాడు.

డైరెక్టరుగారి బంగళాలో వైర్లు మార్చవచ్చుగా అన్న ఆలోచన హైమావతిగారికి వచ్చింది. కాని ఆ మార్పును మంజూరు చేయవలసింది డైరెక్టరుగారే. తన నివాసానికి తానే మంజూరు చేసుకోవటం ఆశ్రిత పక్షపాతమవుతుంది. కనుక ఆ ఫైలును తరువాత రాబోయే డైరెక్టరుగారికి పంపాలని, వారు తమ నివాసం గురించి నిర్ణయించలేరు కనుక ఆ పై వచ్చేవారికి పంపుతారని అందరూ సులభంగా గ్రహించారు.

"అందుచేత మనం ఎక్కలేకపోతే వాళ్లు దిగాలి," అన్నారు డైరెక్టరుగారు. "వేగమనేది వ్యక్తిగత విషయం కాదు. అది హోదాకు ఆభరణం."

ఆ మాటనుంచి వేగమానం పుట్టింది. డైరెక్టరుకు వంద. జాయింట్ డైరెక్టరుకు ఎనభై. డిప్యూటీకి అరవై. సూపరింటెండెంటుకు ముప్పై. జూనియర్ అసిస్టెంటుకు పది. అటెండర్లకు వేగం మంజూరు కాలేదు. వారు స్వయంగా నడవగలరు.

"సర్, ఇంకొకటి," అన్నారు అప్పలనరసయ్యగారు. "వేగం తగ్గించినా దొంగదారి అలాగే ఉంటుంది. పడకగదిలోంచి హాల్లోకి సరుకు నేరుగా పోకూడదు. ఏ కాగితమైనా నా ద్వారా డిప్యూటీగారికి, వారి ద్వారా మేడమ్‌గారికి, వారి ద్వారా తమరికి వచ్చి, అదే దారిన తిరిగి దిగాలి. సమాచారానికి మాత్రం మినహాయింపు దేనికి?"

"అది ఒకే ఇంట్లోది కదండీ," అంది హైమావతిగారిలోని గృహిణి.

"ఇల్లు సంస్థది మేడమ్," అన్నాడు అప్పలనరసయ్యగారిలోని సూపరింటెండెంటు.

తీర్మానం ఏకగ్రీవమైంది. మర్నాడు ఎర్రన్న కొండమీదికి వైర్లు లాగాడు. విశ్వపతి ఇంట్లో కొత్త స్విచ్‌ను గుడ్డలో చుట్టి లక్క సీలు వేశాడు. నిల్వ పెట్టె వెనక రంధ్రాలన్నిటికీ లక్క కరగబోసి, ఒక్కటి మాత్రం కొండ మీదినుంచి వచ్చే వైరుకు విడిచిపెట్టాడు. ఇకమీదట పడకగదిలో పుట్టిన ఫైలు కొండెక్కి, డైరెక్టరుగారి బంగళాను దర్శించుకుని, కొండ దిగి, పది అడుగుల దూరంలోని హాలుకు చేరుతుంది. ప్రతి ఫైలు వెంట ఒక కాగితం నడుస్తుంది. అధికారులు దాని మీద తమ అభిప్రాయం రాసి సంతకం చేస్తేనే ఫైలు ఇంకో మెట్టు కదులుతుంది.

"తల్లీ, నానేటి సేస్తాను సెప్పు," అన్నాడు ఎర్రన్న, శర్వాణి మొహం చూడలేక. "మీ హాలు మీ ముందే ఉంది. అక్కడికెళ్లటానికి సింహాచలం కొండెక్కినట్టు ఎక్కిస్తన్నారు."

సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారి అమ్మాయి పెళ్లయింది. నాలుగు టెరాబైట్లు వచ్చి పడకగదిలో కూర్చున్నాయి. శర్వాణి కాగితం మీద లెక్క కట్టింది. పది మెగాబిట్ల దారిలో మొత్తం బొమ్మ ప్రయాణానికే ముప్పై ఏడు రోజులు. పండగ పదహారో రోజున. ఆమె ఏడవలేదు. బొమ్మను కుదించి తీసిన చిన్న నకళ్ల మీద కోతలన్నీ ముందే చేసి పెట్టుకుంది. అసలు బొమ్మ రాగానే వాటంతటవి అతుక్కుంటాయి. తరువాత పెళ్లిని తంతుల వారీగా ముక్కలు చేసి, తప్పనిసరైనవి మాత్రం ఏరి, ఒక్కొక్కటే పైకి పంపటం మొదలుపెట్టింది.

సంస్థలో ఇంకొక సదాచారం ఉంది. అధికారి ఫైలు విప్పడు. విప్పితే కింది ఉద్యోగి మీద అపనమ్మకం చూపినట్టవుతుంది. పై కాగితం మీద విషయం చదివి, దాని మీద తన జ్ఞానం ప్రసరింపజేస్తాడు. అందుచేత ఎవరి పెళ్లో ఎవరికీ తెలియకుండానే పెళ్లి కొండెక్కసాగింది.

ఎదురుకోలు, ఫలహారాలు నాలుగు రోజుల్లో తిరిగి వచ్చాయి. వాటి మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కాశీయాత్ర దగ్గర డిప్యూటీగారు ఆపారు. 'వరుడు హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్లుటకు ముందస్తు అనుమతి కలదా? ఉన్నచో ప్రతి జతపరచవలెను.' జీలకర్ర బెల్లం మీద హైమావతిగారు, కొలతల సంస్థ గౌరవం నిలిచేలా, 'ఏ నిష్పత్తిలో?' అని రాశారు. అరుంధతీ దర్శనం అప్పలనరసయ్యగారి గడప దాటలేదు. 'ముహూర్తము పగటి పూట. పగటివేళ నక్షత్రము కనిపించినట్లు ధ్రువీకరించువారెవరు?'

ఈ ప్రశ్నలన్నీ సమాధానం కోసం విశ్వపతి బల్ల మీదికే వచ్చేవి. పగలు వాటికి జవాబులు రాసేవాడు. ఆ జవాబులు అసంపూర్ణంగా ఉన్నాయని తానే తిప్పి పంపేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి శర్వాణి మొహం చూడలేక పెరట్లో కూర్చునేవాడు.

"మాంగల్యధారణ ఎక్కడుందండీ?" అని ఆమె రోజూ అడిగేది, ఊరికి వెళ్లిన మనిషి గురించి అడిగినట్టు.

"పైకి వెళ్లింది," అనేవాడు. "చాలా పైకి."

పదహారో రోజు వచ్చింది. ఆడిటోరియం కిటకిటలాడింది. మొదటి వరుసలో కొత్త దంపతులు, వియ్యాలవారు, డైరెక్టరుగారి దంపతులు. దీపాలు ఆర్పారు. తెర మీద ఎదురుకోలు వచ్చింది. వియ్యాలవారు కార్లు దిగారు. పన్నీరు చల్లించుకున్నారు. తరువాత ఫలహారాలు వచ్చాయి. ఉప్మా వచ్చింది. పెసరట్టు వచ్చింది. వియ్యంకుడుగారు మూడో పెసరట్టుకు చేయి చాచటం అతి స్పష్టంగా, నెమ్మదిగా, వీణానాదంతో వచ్చింది. నలభై నిమిషాల తరువాత చేతులు కడుక్కున్నారు. తెర నల్లబడింది.

"పుస్తె ఏదండీ?" అన్నారు డైరెక్టరుగారి భార్య. ఆ మాట చివరి వరుసకు కూడా వినిపించింది.

"మేమేమన్నా టిఫిన్లకి వచ్చామా బావగారూ?" అన్నారు వియ్యంకుడుగారు. "ఎల్లుండి సాయంత్రం బండికి వెళ్లిపోతున్నాం. మావాడికి పెళ్లయినట్టు మా ఊళ్లో ఏం చూపించాలి?"

దివాకరప్రసాదుగారు స్టూడియో యజమానిని చూశారు. యజమాని శర్వాణిని చూపించాడు. శర్వాణి భర్తను చూసింది. విశ్వపతి అలవాటు కొద్దీ లేచి నిలబడి, చంకలోని రిజిస్టరు తెరిచాడు.

"సర్, తమరి అమ్మాయిగారి పెళ్లి మొత్తం ఇరవై ఒక్క ఫైళ్లు. రెండు పరిష్కారమైనవి. పద్దెనిమిది వివిధ స్థాయిల్లో పరిశీలనలో ఉన్నవి. మాంగల్యధారణ తమరి బంగళాలో పదకొండు రోజులుగా పెండింగులో ఉన్నది సర్. 'మూడు ముళ్లు ఎందుకు? ఒకటి చాలదా? చర్చించండి' అని తమరు ఆకుపచ్చ సిరాతో రాశారు సర్."

సభలో ఎక్కడో ఒక దగ్గు వినిపించింది. పెళ్లికూతురు తండ్రి వైపు తిరిగి, "నాన్నా?" అంది. అంతే. ఆయన డైరెక్టరైన తరువాత ఆయన్ని ఎవరూ అంత పొట్టిగా సంజాయిషీ అడగలేదు.

మర్నాడు ఉదయం సంఘం అత్యవసరంగా కూర్చుంది. నిబంధన తప్పని ఎవరూ అనలేదు. నిబంధన తప్పు కావటం సంస్థ చరిత్రలో లేదు. డైరెక్టరుగారు బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ, "తప్పు నిబంధనది కాకపోతే మరి ఎవరిది?" అని మూడుసార్లు అడిగారు. మూడోసారి హైమావతిగారు కళ్లద్దాలు తీశారు.

"సర్, మనం నిబంధనను ఒకవైపు నుంచే చదివాం. హోదాను బట్టి వేగం అన్నాం. అయితే వేగాన్ని బట్టి హోదా తెలియాలి కదా? వంద ఉన్నవారు డైరెక్టరు. మరి రెండువేల అయిదువందలు ఉన్నవారు?"

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది.

"మనకంటే పాతిక రెట్లు పెద్దవారు," అన్నారాయన గొణుగుతున్నట్టు. "అలాంటివారిని మనం ఒకటో తరగతి క్వార్టర్లో, గుడ్డలో చుట్టి..."

"లక్క కూడా వేశాం సర్," అన్నారు అప్పలనరసయ్యగారు.

పది గంటలకల్లా ఉత్తర్వు తయారైంది. విశ్వపతి దాన్ని ఒకే ఊపులో రాశాడు. సదరు స్విచ్‌ను డైరెక్టరు పై హోదాలో నియమించటమైనది. అట్టి హోదాగలవారు ఒకటో తరగతి క్వార్టరులో ఉండరాదు కనుక తక్షణం అతిథి బంగళాలోని ప్రముఖుల గదికి తరలించవలెను. వేసిన సీళ్లన్నీ అవిధేయత కిందికి వచ్చును గనుక తొలగించవలెను. వేగము, మార్గము మొదలైన సమస్త విషయములందును నూతన అధికారివారి ఆదేశములు వెలువడువరకు ఇప్పటి ఏర్పాట్లను నిలిపివేయడమైనది.

పదకొండు గంటలకు డైరెక్టరుగారి కారు విశ్వపతి గుమ్మంలో ఆగింది. ఎర్రన్న తలపాగా సర్దుకుని, లక్క గీకి, గుడ్డ విప్పి, స్విచ్‌ను పట్టువస్త్రం పరిచిన పళ్లెంలో పెట్టాడు. అప్పలనరసయ్యగారు వంగి కారు తలుపు తీశారు. వెనక సీటులో అది ఒక్కటే కూర్చుంది. డైరెక్టరుగారు ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నారు.

కారు మలుపు తిరిగాక శర్వాణి గోడ మీది ఖాళీ మేకు వైపు చూసింది. "బాగానే ఉంది. అది పెద్దదై వెళ్లిపోయింది. నా పని ఎప్పటిలాగే ఉంది. రేపు సాయంత్రం వాళ్ల బండి."

విశ్వపతి తాను రాసిన ఉత్తర్వును జేబులోంచి తీసి మరోసారి చదివాడు. ఇప్పటి ఏర్పాట్లను నిలిపివేయడమైనది. పన్నెండేళ్లలో తాను రాసినదాన్ని అర్థం కోసం చదవటం అదే మొదటిసారి. కొండ మీది దారి లేదు. సీళ్లు లేవు. కొత్త అధికారివారి ఆదేశాలు వెలువడాలంటే కొత్త అధికారివారికి నోరుండాలి. అంతవరకు ఈ ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ మధ్య ఎవరూ లేరు.

అతను వంగి నేల మీది పొడవాటి వైరు అందుకున్నాడు. ఒక కొసను కంప్యూటరుకు తగిలించిన తోకలో గుచ్చాడు. రెండో కొస పట్టుకుని హాల్లోకి నడిచాడు. పది అడుగులు. నిల్వ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, వెనక రంధ్రంలో అంటుకున్న లక్కను గోటితో గీకి, వైరు లోపలికి నొక్కాడు. టిక్కుమంది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"మధ్యలో..."

"ఎవరూ లేరు," అంది శర్వాణి. అప్పటికే తెర మీద కాశీయాత్ర మొదలైంది. ఎవరి అనుమతీ లేకుండా వరుడు గొడుగు పట్టుకుని బయలుదేరాడు. బావమరిది గడ్డం పట్టుకుని వెనక్కి తెచ్చాడు. మూడున్నర గంటల్లో పెళ్లంతా హాల్లోకి వచ్చింది. మూడు ముళ్లూ మూడుగానే పడ్డాయి. మర్నాడు ఉదయం వియ్యాలవారి చేతిలో వీడియో పడింది. మాఘమాసపు పెళ్లిళ్ల జాబితా శర్వాణి చేతిలో పడింది.

ఆ సోమవారం సంస్థ ఒక అభినందన తీర్మానం చేసింది. పదహారు రోజులుగా ఎవరికీ కొరుకుడుపడని సమస్యను నూతన అధికారివారు పదవి స్వీకరించిన కొద్ది గంటల్లో, ఒక్క కాగితం కూడా అడగకుండా పరిష్కరించినందుకు. తీర్మానం రాసింది విశ్వపతే. ఒక్క అక్షరం తడబడలేదు.

ఇప్పుడు రోజూ ఉదయం పది గంటలకు అధికారులు అతిథి బంగళాలో వరుస కడతారు. మెత్తటి దిండు మీద స్విచ్, దానికి శాలువా, పక్కన పూలగుత్తి. అర్జీలు దాని ముందు పెట్టి, రెండు నిమిషాలు వినయంగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వస్తారు. దానికి ఎవరూ కరెంటు ఇవ్వలేదు. ఒక్క లైటూ వెలగదు, ఒక్క వైరూ లేదు, అందులోకి ఏదీ పోదు, అందులోంచి ఏదీ రాదు.

"ఎంత గాంభీర్యమో చూశావా!" అన్నారు అప్పలనరసయ్యగారు మెల్లగా.

"ఆ స్థాయిలో అంతేనండి," అన్నాడు విశ్వపతి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర అతను చేయి చాచి, ఎవరినీ అడగకుండా, ఉప్పుడబ్బా తనే అందుకున్నాడు.